అర్థశాస్త్రం చదివితే అర్థం వస్తుందా?

ప్రతి యేటా పరీక్షా ఫలితాలు వెలువడగానే మన ఇళ్లలో ఒకే చర్చ మొదలవుతుంది. పిల్లవాణ్ణి ఇంజనీరింగులో వేయాలా, డాక్టరు చదువుకు ర్యాంకు రాకపోతే మళ్లీ కోచింగుకు పంపాలా, అదీ కాకపోతే కంప్యూటరు డిగ్రీలో చేర్చాలా అని చుట్టాలందరూ ఈ మూడు ప్రశ్నల చుట్టూనే ప్రదక్షిణం చేస్తారు. ఏ పిల్లో పిల్లవాడో "నేను ఎకనామిక్సు చదువుతాను" అంటే మాత్రం ఇంట్లో ఒక్క క్షణం నిశ్శబ్దం ఆవరిస్తుంది. ఆ తరువాత పెద్దవారిలో ఎవరో ఒకరు, "అర్థశాస్త్రం చదివితే అర్థం వస్తుందా తల్లీ?" అని అడుగుతారు. అర్థమంటే డబ్బనీ, తాత్పర్యమనీ మన భాషలో రెండు విధాలా చెల్లుతుంది కనుక ఈ ప్రశ్నకు నవ్వూ వస్తుంది, జవాబు చెప్పడమూ కష్టమవుతుంది.

నేను పదో తరగతితో చదువు ముగించి గుమాస్తా పనిలో కుదురుకున్నవాణ్ణి. ఆఫీసులో ఇంగ్లీషు కాగితాలతోనూ, ఇంట్లో తెలుగుతోనూ ఇరవై యేళ్లకు పైగా గడిచింది. అర్థశాస్త్రం గూర్చి ఉపన్యసించే పాండిత్యం నాకు లేదు. అయితే మా బావ కూతురు దరియాలతిప్ప నుంచి బయలుదేరి విశ్వవిద్యాలయంలో ఆ శాస్త్రం చదవడానికి వెళ్లిన వ్యవహారమంతా దగ్గరుండి చూశాను. దరఖాస్తులు నింపింది నేను, ఇంగ్లీషు ప్రకటనలు చదివి ఇంట్లో వారికి వివరించింది నేను. ఆ సందర్భంలో తెలుసుకున్న సంగతులు మన పత్రిక చదివే కుటుంబాలకు ఉపయోగిస్తాయనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

దరియాలతిప్ప ఎక్కడున్నదో దూరప్రాంతాల్లో స్థిరపడిన చదువరులకు చెప్పాలి. గోదావరి తల్లి ఏడు పాయల్లో గౌతమి ఒడ్డున యానాం ఉన్నది. ఆ ఒడ్డు వెంబడే సముద్రం వైపు దిగుతూ పోతే యానాం ప్రాంతపు గ్రామాల్లో దరియాలతిప్ప తగులుతుంది. తిప్ప అంటే నీటి నడుమ మేటవేసిన ఇసుక దిబ్బ అని గోదావరి వారికి వేరే చెప్పనక్కరలేదు. వేట మీద బ్రతికే ఊరు. కొంచెం దూరంలో ఒకనాటి మహా రేవు కోరంగి. 1839 నవంబరులో వచ్చిన తుపాను ఉప్పెన ఆ రేవును తుడిచిపెట్టింది.

యానాం చరిత్రే ఒక అర్థశాస్త్ర పాఠం. 1723లో ఫ్రెంచివారు ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నారు. చుట్టూ ఇంగ్లీషువారి రాజ్యం, నడుమ చేతివెడల్పు ఫ్రెంచి గడ్డ. అటు సుంకం వేరు, ఇటు సుంకం వేరు. అందుచేతనే యానాం మంగళవారం సంతకు బ్రిటిషు ఇలాకా నుంచి జనం విదేశీ సరుకుల కోసం వచ్చేవారు. 1929లో శారదా చట్టం చేసి బాల్యవివాహాలను ఇంగ్లీషువారు నిషేధిస్తే, ఆ చట్టం చెల్లని యానాంలో పెళ్లిపందిళ్లు లేచాయి. 1954లో యానాం భారతదేశంలో కలిసింది, 1962 ఆగస్టు 16న ఆ విలీనం చట్టరీత్యా పూర్తయింది. అయినా హద్దు ప్రభావం పోలేదు. పన్ను తేడా వల్ల యానాంలో పెట్రోలు పక్క ఆంధ్ర గ్రామాల్లో కన్నా చౌకగా దొరుకుతూ వచ్చింది, అక్కడి బళ్లు ఇక్కడికి వచ్చి బారులు తీరడం మనకందరికీ పరిచితమైన దృశ్యమే. ఒక గీతకు అటూ ఇటూ ధర మారితే మనుషులు ఎటు నడుస్తారో తెలుసుకోవడానికి యానాం పిల్లవాడికి పుస్తకం తెరవనక్కర లేదు. పుస్తకం తెరిస్తే, తాను రోజూ చూస్తున్న దానికి ఒక పేరున్నదని తెలుస్తుంది.

మా బావకు ఒక ఫైబరు పడవ, ఇంజను, నాలుగు రకాల వలలు ఉన్నాయి. కూతురు యానాం ప్రభుత్వ కళాశాలలో డిగ్రీ ముగించింది. ఆ కళాశాలకు డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ పేరు పెట్టారు. పట్టా ఇచ్చేది పుదుచ్చేరి విశ్వవిద్యాలయం. పై చదువు ఎం.ఏ. అర్థశాస్త్రంలో చేస్తానని పిల్ల పట్టుబట్టింది. బావ నన్ను పిలిపించి, "బావా, నువ్వు కాగితాలు చదివేవోడివి. ఈ చదువేటో, దీనికి బువ్వ దొరుకుద్దో లేదో తేల్చి చెప్పు" అన్నాడు.

అతనికున్న అభ్యంతరాలు మూడు. చదువుకయ్యే సొమ్ము సావుకారు దగ్గర తేవాలి, అది మొదటిది. పుదుచ్చేరి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరం, ఆడపిల్లను అంత దూరం పంపాలా అన్నది రెండవది. చదివి వచ్చాక ఏం చేస్తుందన్నది మూడవది. ఇవి మా బావ ఒక్కడి అభ్యంతరాలు కావు. మన సభ్యుల ఇళ్లలోనూ, కొంచెం మాట మార్చి, ఇవే వినబడతాయి.

సొమ్ము సంగతి ముందు చెబుతాను. వేట ఊళ్లలో సావుకారు అడ్వాన్సు ఎట్లా నడుస్తుందో చాలామందికి తెలుసు. వలకో ఇంజనుకో సావుకారు డబ్బిస్తాడు, వడ్డీ అడగడు. పట్టిన చేప మాత్రం అతనికే వేయాలి, అతను చెప్పిన ధరకే వేయాలి. మా బావ పాత అడ్వాన్సు అరవై వేలు ఉన్నది. కూతురి చదువు కోసం మరికొంత అడుగుదామనుకున్నాడు. "వడ్డీ లేని సొమ్ము. ఇంతకన్నా ధర్మాత్ముడు దొరుకుతాడా?" అని అతని వాదం.

పిల్ల ఏమీ అనలేదు. మరునాడు ఒక నోటుపుస్తకం తెచ్చి మా ఇద్దరి ముందు పెట్టింది. రెండేళ్లుగా తండ్రి వేసిన చేప తూకం, సావుకారు ఇచ్చిన ధర, అదే రోజు యానాం మార్కెట్టులో పలికిన ధర అన్నీ అందులో వ్రాసి పెట్టుకున్నది. రోజుకు సగటున 20 కిలోలు, ఏడాదికి 200 రోజుల వేట. అంటే 4,000 కిలోలు. మార్కెట్టు ధరకూ సావుకారు ధరకూ తేడా సగటున కిలోకు 10 రూపాయలు. అంటే ఏడాదికి 40,000 రూపాయలు.

"నాన్నా, అరవై వేల మీద యేడాదికి నలభై వేలు కడుతున్నావు. నూటికి అరవై ఆరు వడ్డీ ఇది. దీన్ని వడ్డీ అనరు, అంతే తేడా" అన్నది.

మా బావ పుస్తకం వంక చాలాసేపు చూశాడు. లెక్క తప్పని అనలేదు. చివరకు అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తున్నది. "తొంభై ఆరు నవంబరు తుపానులో పడవ పోయిన రాత్రి మా అయ్య ఎవరి గుమ్మం ఎక్కాడో తెలుసా అమ్మా? బ్యాంకు గుమ్మం కాదు. సావుకారు అర్ధరాత్రి లేచి బియ్యం బస్తా, రెండు వేలూ ఇచ్చాడు. కాగితం రాయించుకోలేదు. ఆ రాత్రికి నీ పుస్తకంలో ఎంత వేశావు?"

1996 నవంబరు 6 నాటి తుపానును ఈ తీరంలో మరచినవారు లేరు. సముద్రం మీదికి వెళ్లి తిరిగిరాని వారు వందల్లో ఉన్నారు. పిల్లకు వెంటనే జవాబు దొరకలేదు. రెండు రోజుల తరువాత అదే పుస్తకంలో ఆ నలభై వేల కింద ఒక గీత గీసి, "ఇందులో కొంత బీమా" అని వ్రాసింది. సావుకారు తీసుకునే దానిలో ఒక భాగం అప్పుకు వడ్డీ, మరొక భాగం ఆపద రాత్రి ఆదుకుంటాడన్న భరోసాకు చెల్లించే రుసుము అని ఆమె తేల్చింది. ఆ భరోసాకు ఎంత ఇవ్వడం న్యాయమో, ఎంత దాటితే దోపిడీ అవుతుందో తెలియాలంటేనే తాను ఆ శాస్త్రం చదవాలన్నది. ఆ మాటతో తండ్రీ కూతుళ్లిద్దరూ ఒకరి మాట ఒకరు విన్నారని నాకు తోచింది.

తరువాత ఆమే ఇంకో దారి వెదికింది. రైతులకిచ్చే కిసాన్ క్రెడిట్ కార్డును 2018–19 కేంద్ర బడ్జెటులో మత్స్యకారులకూ పాడి రైతులకూ విస్తరింపజేశారు. వల, డీజిలు, మంచుగడ్డ వంటి వేట ఖర్చులకు ఆ కార్డు మీద అప్పు పుడుతుంది. 2 లక్షల వరకు వడ్డీ 7 శాతం, గడువు లోపల చెల్లిస్తే 4 శాతమే పడుతుంది. అరవై వేలకు గడువులో కడితే యేడాదికి 2,400 రూపాయలు. నేనూ బావా మూడుసార్లు బ్యాంకు మెట్లెక్కాము, పడవ కాగితాలకు, లైసెన్సుకు రెండు నెలలు పట్టింది. కార్డు చేతికొచ్చాక సావుకారు బాకీని వాయిదాల మీద తీర్చడం మొదలుపెట్టాడు. సావుకారు కోపగించలేదు. మా బావ నేటికీ వారానికి రెండు రోజుల చేప అతనికే వేస్తాడు, పాత మాట మీద. మిగిలిన రోజుల చేపకు మార్కెట్టు ధర వస్తున్నది. ఆ తేడా సొమ్మే కూతురి హాస్టలు ఖర్చుకు వెళుతున్నది.

ఈ శాస్త్రంలో ఏముంటుందని అడిగేవారికి, డబ్బు సంపాదించే ఉపాయాలు ఇందులో ఉండవని ముందే చెప్పాలి. ఉన్నది తక్కువ, కోరేది ఎక్కువ అయినప్పుడు మనుషులు ఏది ఎంచుకుంటారు, ఎందుకు ఎంచుకుంటారు, ఆ ఎంపికల వల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం అని విచారించే చదువు ఇది. మా అమ్మాయి చెప్పిన మూడు వేట ఉదాహరణలే ఇక్కడ వ్రాస్తాను.

మొదటిది కేరళ సంగతి. 1997కూ 2001కీ నడుమ ఉత్తర కేరళ తీరంలో సెల్‌ఫోన్లు వచ్చాయి. రాబర్ట్ జెన్‌సెన్ అనే ఆర్థికవేత్త అక్కడి చేపల రేవుల ధరలను వారం వారం సేకరించి 2007లో ఫలితాలు ప్రకటించాడు. ఫోన్లు రాకముందు ఒక రేవులో కొనే నాథుడు లేక చేపను నీళ్లలో పారబోస్తుంటే, పదిహేను కిలోమీటర్ల లోపు మరో రేవులో కొనడానికి వచ్చినవారు ఉత్త బుట్టలతో తిరిగిపోయేవారు. ఫోన్లు వచ్చాక పడవలవారు నీటి మీదనుంచే ధర కనుక్కుని ఎక్కడ గిరాకీ ఉంటే అక్కడికి పోసాగారు. పారబోయడం ఆగింది. వేటగాళ్ల లాభం సుమారు 8 శాతం పెరిగింది, కొనేవారికి ధర సుమారు 4 శాతం తగ్గింది. అమ్మేవాడూ కొనేవాడూ ఇద్దరూ బాగుపడ్డారు. ఎవరి సొమ్మూ ఎవరూ లాక్కోలేదు, తెలియనిది తెలిసింది, అంతే.

రెండవది అందరిదీ అయిన నీటి సంగతి. 1954లో, అంటే మన యానాం విలీనమైన సంవత్సరంలోనే, స్కాట్ గోర్డన్ అనే కెనడా ఆర్థికవేత్త చేపల వేట మీద ఒక వ్యాసం వ్రాశాడు. సముద్రం ఎవరి సొంతమూ కానప్పుడు, లాభం కనబడినంత వరకు కొత్త పడవలు దిగుతూనే ఉంటాయనీ, చివరకు అందరి లాభమూ ఖర్చులో కరిగిపోతుందనీ ఆయన వాదం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధించడానికి వెనుక చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని కాపాడాలన్న ఆలోచన ఉన్నది. ఆ రెండు నెలలూ మా బావ ఇంట్లో పొయ్యి ఎట్లా వెలుగుతుందన్నదీ అర్థశాస్త్ర ప్రశ్నే. అయితే ప్రభుత్వం నిషేధిస్తే తప్ప మనుషులు ఆగరనే నిరాశ అక్కరలేదని అమెరికాకు చెందిన ఎలినార్ ఆస్ట్రమ్ నిరూపించింది. ఊళ్లవారు తమలో తాము కట్టుబాట్లు చేసుకుని చెరువులను, అడవులను, వేట నీళ్లను తరతరాలు కాపాడుకున్న ఉదాహరణలు లోకమంతటా వెదికి చూపింది. 2009లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది, అర్థశాస్త్రంలో ఆ బహుమతి పొందిన తొలి మహిళ ఆమెయే. మన వేట పల్లెల్లో పెద్దలు కూర్చుని చెప్పే కట్టుబాట్లు విశ్వవిద్యాలయంలో పాఠం కాగలవని విని మా బావ కొంచెం నిటారుగా కూర్చున్నాడు.

మూడవది పులస. వరదకాలంలో సముద్రం నుంచి గోదావరికి ఎదురీది వచ్చే ఈ చేపకు మన వైపు ఉన్న గౌరవం అందరికీ తెలుసు. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత ఊరికే పుట్టలేదు. యానాం వేలంపాటలో ఒక్క చేప ఇరవై వేల రూపాయలు దాటిన సందర్భాలు పత్రికల్లో వచ్చాయి. ధర ఇంత పెరిగినా కొనేవారు వెనుకాడకపోవడాన్ని తెలుగు పాఠ్యపుస్తకాల్లో "వ్యాకోచత్వం లేని డిమాండు" అంటారు. ధర పెరిగేకొద్దీ చిన్న చేపను కూడా వదలకుండా పట్టాలన్న ఆశ పెరుగుతుంది, అది మరుసటి యేడాది రాకను తగ్గిస్తుంది. మార్కెట్టు ఎక్కడ మేలు చేస్తుందో కేరళ ఉదాహరణ చెబితే, ఎక్కడ తనను తానే తినేస్తుందో పులస చెబుతుంది. ఈ రెండూ తెలిసినవాడే ఆర్థికవేత్త.

ఈ చదువు మన తెలుగువారికి కొత్తదేమీ కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో స్థాపితమైనప్పుడు తొలి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డి గారు. కేంబ్రిడ్జిలో చదివిన ఆ మహనీయుడు అంతకు ముందే తెలుగులో "అర్థశాస్త్రము" అనే గ్రంథం వ్రాశారు. వారి తరువాత 1931 నుంచి 1936 వరకు ఉపాధ్యక్షులుగా ఉన్నవారు రాధాకృష్ణన్ గారే, యానాం కళాశాల పేరులో ఉన్నది వారే. రైతు నాయకులు ఎన్.జి. రంగా గారు ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రం చదివి మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ఆ పాఠమే చెప్పారు. హైదరాబాదులో 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రంతో సహా ఆధునిక శాస్త్రాలన్నీ ఉర్దూలో బోధించారు, అందుకోసం ప్రత్యేకంగా ఒక అనువాద శాఖనే నడిపారు. 1968లో తెలుగు అకాడమి ఏర్పడ్డాక డిగ్రీ స్థాయి అర్థశాస్త్ర పుస్తకాలు మన భాషలో వచ్చాయి. ఉపాంతం, అవకాశ వ్యయం, ద్రవ్యోల్బణం వంటి మాటలు పల్లెటూరి విద్యార్థి నోట కూడా పలకడానికి ఆ పుస్తకాలు కారణం.

ఇంకొక సంగతి మన కుటుంబాలు పిల్లలకు చెప్పదగినది. 2003 సెప్టెంబరు నుంచి 2013 సెప్టెంబరు వరకు పదేళ్లపాటు రిజర్వు బ్యాంకు గవర్నరు పీఠం మీద ఇద్దరు తెలుగువారే వరుసగా కూర్చున్నారు. మొదటివారు కడప జిల్లాకు చెందిన వై.వి. రెడ్డి గారు, మద్రాసు విశ్వవిద్యాలయంలో ఎం.ఏ., ఉస్మానియాలో డాక్టరేటు. తరువాతి వారు దువ్వూరి సుబ్బారావు గారు, వారి డాక్టరేటు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో. 2008లో ప్రపంచమంతటా బ్యాంకులు కూలుతున్నప్పుడు ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి ఆ పగ్గాలు మారాయి. ఇద్దరి డాక్టరేటు పట్టాలూ ప్రజల సొమ్ముతో నడిచే మన విశ్వవిద్యాలయాలు ఇచ్చినవే.

ప్రజల సొమ్ము అన్నాను కనుక ఇక్కడ ఒక మాట. సర్కారు చదువంటే దానం పుచ్చుకున్నట్లు తల వంచుకునేవారు మనలో ఉన్నారు. మా బావ కూడా, "ఫీజు అంత తక్కువైతే చదువూ అంతేనేమో" అని సందేహపడ్డాడు. పిల్ల జవాబు సూటిగా ఉన్నది. "ఇంజనులో పోసే నూనె మీద పన్ను కడుతున్నావు, సబ్బు మీద కడుతున్నావు, సెల్‌ఫోను రీచార్జి మీద కడుతున్నావు. ఆ యూనివర్సిటీ గోడలో నీ ఇటుకలు కూడా ఉన్నాయి నాన్నా. పరాయి ఇంటికి పోవడం లేదు నేను." ఆదాయపు పన్ను కట్టనివాడు పన్నే కట్టడనే అపోహ ఈ ఒక్క మాటతో పోతుంది.

పుదుచ్చేరి విశ్వవిద్యాలయం పార్లమెంటు చట్టం ద్వారా 1985లో ఏర్పడిన కేంద్ర విశ్వవిద్యాలయం. పట్నానికి ఉత్తరాన కాలాపేట వద్ద, సముద్రపు గట్టునే ఉన్నది. దాని ధ్యేయవాక్యం ఫ్రెంచి భాషలో ఉన్నది, "వెర్ లా ల్యూమియెర్", అంటే వెలుగు వైపుకు అని. 2022 నుంచి కేంద్ర విశ్వవిద్యాలయాల ప్రవేశానికి ఉమ్మడి ప్రవేశపరీక్ష వచ్చింది. దరఖాస్తు, రుసుము, హాల్ టికెట్టు, సీటు ఎంపిక అన్నీ ఇంటర్నెట్టు మీదనే. తేదీ దాటితే వినే నాథుడు లేడు. ఈ పనిలో కాగితాలు చదవగలిగిన మేనమామో బాబాయో ఒకరు పక్కన ఉండడం ఎంత అవసరమో పాఠకులు గుర్తించాలి. దరియాలతిప్ప వంటి ఊళ్లలో తెలివితేటలకు కొరత లేదు. ప్రకటన వచ్చిందని చెప్పేవారికే కొరత.

ఇబ్బందులు దాచి చెప్పడం నాకు ఇష్టం లేదు. మొదటి ఇబ్బంది లెక్కలు. ఎం.ఏ. అర్థశాస్త్రమంటే కథలూ కబుర్లూ అనుకుని వెళ్లినవారు మొదటి సెమిస్టరులోనే బెంబేలెత్తుతారు. సూక్ష్మ అర్థశాస్త్రం, స్థూల అర్థశాస్త్రం రెండింటికీ కలన గణితం కావాలి. గణాంక శాస్త్రం, దాని మీద కట్టిన ఎకనోమెట్రిక్సు తప్పనిసరి. ఇంటరులో లెక్కలు వదిలేసిన పిల్లలు ఈ చదువు ఎంచుకుంటే రెండు వేసవులు ముందుగానే లెక్కలు మళ్లీ పట్టాలి. అందుకే ఇంటరులో చేరేనాడే ఆలోచించి, వీలైతే లెక్కలు, అర్థశాస్త్రం, కామర్సు కలిసిన గ్రూపు తీసుకోమని నా సలహా.

రెండవ ఇబ్బంది ఇంగ్లీషు. యానాం బళ్లలో చాలాకాలం ఆంధ్ర బోర్డు పాఠాలే నడిచాయి, తెలుగులో చదివిన పిల్లలు ఎందరో. విశ్వవిద్యాలయంలో పాఠమూ పరీక్షా ఇంగ్లీషులోనే. మా అమ్మాయి మొదటి మూడు నెలలూ పాఠాలు ఇంగ్లీషులో వ్రాసుకుని రాత్రి హాస్టలులో తెలుగు అకాడమి పుస్తకం పక్కన పెట్టుకుని చదివింది. భావం తెలుగులో కుదిరాక ఇంగ్లీషు మాట దానంతటదే నిలిచిందని ఫోనులో చెప్పింది. తెలుగు మాధ్యమం అడ్డు అనుకునేవారికి ఈ పద్ధతి పనికివస్తుంది.

మూడవది, ఉద్యోగం. నిజం చెప్పాలంటే బి.ఏ. ఒక్కదానితో ఈ శాస్త్రం పెద్ద ఉద్యోగమివ్వదు. ఎం.ఏ. దాకా వెళితే దారులు తెరుచుకుంటాయి. 1961లో ఏర్పడిన ఇండియన్ ఎకనామిక్ సర్వీసుకు యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషను పరీక్ష పెడుతుంది, దానికి అర్థశాస్త్రంలో పోస్టుగ్రాడ్యుయేటు పట్టా కావాలి. రిజర్వు బ్యాంకు, నాబార్డు, వాణిజ్య బ్యాంకులు, గణాంక శాఖలు, కళాశాల అధ్యాపక పదవులు ఉన్నాయి. అన్నిటికీ పోటీ పరీక్షలే, అన్నిటికీ రెండు మూడేళ్ల ఓపిక కావాలి. వెంటనే జీతం రావలసిన ఇల్లు అయితే ఈ చదువు భారమే అవుతుంది. ఈ రెండేళ్లలో పిల్ల ఏదో ప్రైవేటు స్కూలులో పాఠం చెప్పి తెచ్చే జీతం కూడా చదువు ఖర్చులో భాగమే. దానినే అవకాశ వ్యయం అంటారు. మా చెల్లెలు ఆ మాట ఎరుగదు గాని, "పిల్ల ఇంట్లో ఉంటే నాకు చేప ఎండబెట్టడానికి రెండు చేతులు" అని అదే లెక్క చెప్పింది. ఆ రెండు చేతులు లేకుండా రెండేళ్లు గడపడానికి ఒప్పుకున్నది కూడా ఆమెయే.

దూరం సంగతి చెప్పనే లేదు. విశాఖపట్నం సుమారు రెండు వందల కిలోమీటర్లు, ఆంధ్ర విశ్వవిద్యాలయమూ సర్కారుదే, అక్కడ ఎందుకు కాదని నేనూ అడిగాను. రెండింటికీ దరఖాస్తు పెట్టమన్నాను. సీటు, హాస్టలు గది రెండూ ముందు ఖాయమైనది పుదుచ్చేరిలో. కాకినాడ నుంచి రాత్రంతా రైలు ప్రయాణం. తల్లి మొదటి నెలంతా సరిగా భోంచేయలేదు. పుదుచ్చేరిలో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబం వారు, మాకు దూరపు ఎరుక మాత్రమే, హాస్టలు తెరవడానికి ముందు నాలుగు రోజులు పిల్లను ఇంట్లో ఉంచుకుని, స్థానిక సంరక్షకులుగా సంతకం పెట్టి, ఆదివారాలు ఆవకాయ అన్నం పెట్టి పంపారు. ఆ నాలుగు రోజుల ఆశ్రయం లేకపోతే మా బావ రైల్వేస్టేషను నుంచే కూతుర్ని వెనక్కి తెచ్చేవాడని నా నమ్మకం.

ఈ ఒక్క కారణం చేతనే ఈ వ్యాసం మన పత్రికకు పంపుతున్నాను. తాతల నాడు ఊళ్లు వదిలి వచ్చి పట్టణాల్లో ఇళ్లు కట్టుకున్న కుటుంబాలు మనవి. మన పిల్లలకు ఏ కాలేజీ ఎక్కడున్నదో చెప్పేవారు ఇంటినిండా ఉన్నారు. జూలై ఆగస్టు నెలల్లో గోదావరి లంకల నుంచి, శ్రీకాకుళం తీరం నుంచి, పాలమూరు పల్లెల నుంచి ఒక సంచీ, ఒక సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని మన పట్టణాల్లో దిగే పిల్లలకు ఎవరూ ఉండరు. విశ్వవిద్యాలయమున్న ప్రతి పట్టణంలోనూ మన సంఘం సభ్యులు ఇద్దరు ముగ్గురు ముందుకు వచ్చి, ప్రవేశాల రోజుల్లో నాలుగు రాత్రులు ఒక గది ఇవ్వగలిగితే, ఫారాలు చదివి పెట్టగలిగితే, స్థానిక సంరక్షకులుగా ఒక సంతకం చేయగలిగితే చాలు. దీనికి నిధి అక్కరలేదు, సభ పెట్టనక్కరలేదు. పేర్లు ఇచ్చే సభ్యుల జాబితా ఏప్రిల్ నెలలోనే సిద్ధమైతే మరీ మంచిది, దరఖాస్తుల కాలం అప్పటికే మొదలవుతుంది కనుక.

మా అమ్మాయి ఇప్పుడు రెండో సంవత్సరంలో ఉన్నది. చివరి సెమిస్టరులో సమర్పించవలసిన పరిశోధన పత్రానికి విషయం ఎంచుకోమని అధ్యాపకులు చెబితే, వేట పల్లెల్లో అడ్వాన్సు అప్పుల లెక్క తీసుకున్నదట. అందులో తుపాను రాత్రి భరోసాకు ఎంత విలువ కట్టాలన్నది ఇంకా తేలలేదనీ, వేసవి సెలవుల్లో వచ్చి నలభై ఇళ్లు తిరిగి అడుగుతాననీ వ్రాసింది. మా బావ ఏ ఇళ్లకు ముందు వెళ్లాలో ఇప్పటినుంచే జాబితా చెబుతున్నాడు, నేను వ్రాసి పెడుతున్నాను. ఆ జాబితాలో మొదటి పేరు సావుకారుదే.